చరిత్రకారుల కోసం ఉపన్యాసాలు లేని డిజిటల్ సాధనాల సమావేశం పెట్టాలంటే ముందుగా ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ చరిత్ర విభాగంలో పరిశోధక విద్యార్థులు, అధ్యాపకులు, కొందరు ఆర్కైవ్ ఉద్యోగులు కలిపి ముప్పై మంది దాకా ఉన్నారు. పత్రసమర్పణలు, వేదికలు లేకుండా ఒక రోజంతా డిజిటల్ సాధనాల మీద కూర్చుని పనిచేసుకోవాలని మీ ఆలోచన. ఎవరికీ ప్రోగ్రామింగ్ రాదు. నిపుణుణ్ని పిలవాలా వద్దా అన్నది తేలలేదు. ముందే టైంటేబుల్ వెయ్యకపోతే గందరగోళం అవుతుందని టెన్షన్. పైగా మీ విభాగాధిపతి "దీనివల్ల ఏం వస్తుంది?" అని అడుగుతున్నారు.

పెట్టండి. నిపుణుడు లేకపోయినా నడుస్తుంది, టైంటేబుల్ ముందే లేకపోయినా నడుస్తుంది. కానీ ఒక్క షరతు వదలొద్దు: వచ్చే ప్రతి ఒక్కరూ తాము ప్రస్తుతం పనిచేస్తున్న ఆధారాల్లోంచి ఒక ముక్కను వెంట తెచ్చుకోవాలి. సగం నింపిన స్ప్రెడ్‌షీట్ కావచ్చు, ఆర్కైవ్‌లో ఫోన్‌తో తీసిన యాభై ఫోటోలు కావచ్చు, ఒక ఇంటర్వ్యూ రికార్డింగ్ కావచ్చు. దానితో పాటు "ఇక్కడ ఆగిపోయాను" అని ఒక్క వాక్యం రాసుకుని రావాలి. ఇలాంటి సమావేశాలు చాలాకాలంగా నడుపుతున్నాను, ఇతరులు పెట్టినవాటికీ వెళ్తుంటాను. బాగా జరిగినవాటికీ, జనం మధ్యాహ్నానికే జారుకున్నవాటికీ మధ్య నాకు కనిపించిన అసలు తేడా ఇదే.

కారణం చెప్తాను. "ఫలానా సాఫ్ట్‌వేర్ పరిచయం" అని సెషన్ పెడితే, చూపించేవాడు తన నమూనా డేటాతో చూపిస్తాడు. ఆ డేటా శుభ్రంగా ఉంటుంది, అన్నీ చక్కగా పనిచేస్తాయి. చూసినవాళ్లు బాగుందని తల ఊపి ఇంటికి వెళ్తారు. తమ రిజిస్టర్ తెరవగానే తేదీలు మూడు రకాలుగా ఉంటాయి, పేర్లు ఏడు రకాలుగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అక్కడే ఆగిపోతుంది, ఆ మనిషి మళ్లీ దాని జోలికి పోడు. చరిత్రకారుడి డేటా ఎప్పుడూ చిందరవందరగానే ఉంటుంది, ఆ చిందరవందరలోనే చరిత్ర కూడా ఉంటుంది. కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1985లో హారిసన్ ఓవెన్ అనే ఆయన "ఓపెన్ స్పేస్" పేరుతో ముందస్తు కార్యక్రమం లేని సమావేశం జరిపాడు. అంతకుముందు ఆయన ఎంతో కష్టపడి ఏర్పాటు చేసిన సదస్సులో అందరికీ నచ్చింది విరామాల్లో జరిగిన మాటలేనట. 2005లో కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ వాళ్లు అదే తరహా సమావేశాన్ని బార్‌క్యాంప్ అని మొదలుపెట్టారు. ఇక మన రంగానికి వస్తే, 2008లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఉన్న సెంటర్ ఫర్ హిస్టరీ అండ్ న్యూ మీడియా మానవీయ శాస్త్రాలవాళ్లు, సాంకేతిక రంగంవాళ్లు కలిసి కూర్చునే ఇలాంటి సమావేశాన్ని దట్‌క్యాంప్ పేరుతో మొదటిసారి నిర్వహించింది. ఆ కేంద్రాన్ని 1994లో స్థాపించిన రాయ్ రోజెన్‌వైగ్ స్వయంగా చరిత్రకారుడు. పరిశోధన ఆధారాలను సేకరించి పెట్టుకునే జోటెరో (2006), ఆన్‌లైన్ ప్రదర్శనలు తయారుచేసే ఒమేకా (2008), ఆర్కైవ్ ఫోటోలను సర్దుకునే ట్రోపీ (2017), ఈ మూడూ పుట్టింది అక్కడే. చరిత్రకారుల అవసరం తెలిసినవాళ్లు చేసిన సాధనాలు కాబట్టే వాటికి అంత ఆదరణ. దట్‌క్యాంప్‌లు ఆ తర్వాత ఎన్నో దేశాలకు పాకాయి. అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ వార్షిక సదస్సులతో పాటు కూడా జరిగాయి. 2020లో ఆ పేరుతో నిర్వహణ ఆపేశారు కానీ పద్ధతి ఎవరి సొత్తూ కాదు, ఏ పేరైనా పెట్టుకుని మీరూ వాడుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆ సంప్రదాయంతో నాకు పేచీ ఉంది. మాటలు తగ్గించి చేతులకు పని చెప్పాలన్నది అక్కడ బాగా వినిపించిన నినాదం. ప్రోగ్రామర్లకు అది సరిపోతుందేమో. మనకు మాత్రం ఒక బటన్ నొక్కేముందు "ఇది నొక్కొచ్చా?" అని జరిగే చర్చే సగం పని. కింద చెప్పే ఉదాహరణ చూస్తే మీకే తెలుస్తుంది.

మొదటి గంట. గందరగోళం గురించి మీ భయమంతా ఇక్కడిదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. గోడకు పెద్ద చార్టు అంటించండి. అడ్డంగా గదులు, నిలువుగా సమయాలు, గళ్లన్నీ ఖాళీ. రాగానే ప్రతివాళ్లకూ ఒక చీటీ ఇచ్చి తమ ఇబ్బందిని రాయమనండి. "జీఐఎస్" (కంప్యూటర్‌లో మ్యాపులతో పనిచేసే పద్ధతి) అని రాస్తే కుదరదు. "1870ల నాటి గ్రామాల పేర్లు ఇప్పటి మ్యాపులో దొరకడం లేదు" అని రాయాలి. ఒక్కొక్కరూ లేచి తమ చీటీని అరనిమిషంలో చదువుతారు. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఎవరైనా ఇద్దరు పక్కపక్కన అంటిస్తారు. ముప్పై చీటీలు ఏడెనిమిది గుంపులు అవుతాయి, అవే మీ సెషన్లు. నలభై అయిదు నిమిషాల్లో పట్టిక తయారవుతుంది. ముప్పై మందికి ఒకే సమయంలో మూడు సెషన్లకు మించి వద్దు. నలుగురే ఉన్న గదిలో ఇద్దరు మౌనంగా ఉంటే ఇక మాట సాగదు.

సెషన్‌కు పేరు పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ పేరు రానివ్వకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, "ఓపెన్‌రిఫైన్" (చిందరవందర డేటాను సర్దే సాఫ్ట్‌వేర్) అని పేరు పెడితే అది తెలిసినవాళ్లు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. "ఒకే మాటను గుమాస్తాలు పది రకాలుగా రాస్తే ఏం చెయ్యాలి" అని పెడితే రిజిస్టర్లతో పనిచేసిన ప్రతివాళ్లకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

సరిగ్గా అలాంటి పేరుతోనే జరిగిన ఒక సెషన్ సంగతి చెప్తాను. ఒక పరిశోధక విద్యార్థిని పందొమ్మిదో శతాబ్దపు ఆసుపత్రి మరణాల రిజిస్టర్‌ను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి తెచ్చింది. పేరు, వయసు, తేదీ, మరణకారణం, ఇవీ కాలమ్‌లు. మరణకారణం కాలమ్‌లో వందల రకాల రాతలు ఉన్నాయి. వాటిని ఎలా లెక్కపెట్టాలన్నది ఆమె ఇబ్బంది. ఓపెన్‌రిఫైన్ గురించి కొద్దిగా తెలిసిన ఒకాయన ఆ ఫైలును అందులో తెరిచాడు. ఇది ఉచితం, మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది. బ్రౌజర్‌లో కనిపిస్తుంది కానీ డేటా బయటికి పోదు. కాలమ్ మీద క్లస్టర్ నొక్కితే ఒకేలా ఉన్న రాతల్ని గుంపులుగా చూపించి "కలిపేయమంటారా?" అని అడుగుతుంది. దాని మొదటి పద్ధతి తేలికైనది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడాను, చుక్కలు, కామాలను పక్కనపెట్టి, మాటల్ని అక్షరక్రమంలో పేర్చి పోలుస్తుంది. "ఫీవర్, రెమిటెంట్" అన్నా "రెమిటెంట్ ఫీవర్." అన్నా ఒకటే అని పట్టేస్తుంది. దాంతో చాలా రాతలు కలిసిపోయాయి, అందరికీ ఉత్సాహం వచ్చింది.

తర్వాత అక్షరాల దూరాన్ని బట్టి పోల్చే రెండో పద్ధతి వాడారు. ఎక్కువ గుంపులు రావాలని దాని పరిమితిని పెంచారు. అప్పుడది "రెమిటెంట్ ఫీవర్", "ఇంటర్మిటెంట్ ఫీవర్" రెండింటినీ ఒకే గుంపులో చూపించింది. అక్షరాల్లో పోలిక ఉంది మరి. వేలు మౌస్ మీద ఉండగానే వైద్యచరిత్ర మీద పనిచేసే ఒకావిడ ఆపింది. ఇంటర్మిటెంట్ అంటే పూర్తిగా తగ్గి మళ్లీ వచ్చే జ్వరం. రెమిటెంట్ అంటే తగ్గినట్టే ఉండి పూర్తిగా వదలని జ్వరం. ఆ కాలపు వైద్యులకు అవి రెండు వేర్వేరు నిర్ధారణలు, వాటిని కలిపేస్తే ఆ వైద్యుడు చూసిన తేడా మన లెక్కలో మాయమవుతుంది. ఇంకొకరు ఒట్టి "ఫీవర్" అన్న రాత సంగతేమిటని అడిగారు. అది ఒక రోగమా, లేక "ఏ జ్వరమో తెలియదు" అని రాయడమా? ఆర్కైవ్ ఉద్యోగి ఒకాయన తేదీల వారీగా విడదీసి చూద్దామన్నాడు. చూస్తే, ఒకానొక నెల దాటాక ఒట్టి "ఫీవర్" అన్న రాతే దాదాపు లేదు. ఆ విద్యార్థిని వెంటనే తన ఫోటోలు తెరిచింది. సరిగ్గా ఆ నెల నుంచి చేతిరాత మారింది. అంటే మారింది రోగం కాదు, రాసే మనిషి.

ఆ గదిలో ఎవరూ సాఫ్ట్‌వేర్ నిపుణులు కారు. ఆ ప్రశ్న పుట్టడానికి సాఫ్ట్‌వేర్ అవసరమైంది, జవాబుకు మాత్రం చరిత్రకారులు కావాల్సి వచ్చింది. ఆ సెషన్ చివర వాళ్లు రాసుకున్న నియమం మీరూ తీసుకోండి: మూలంలోని రాతను ఎప్పుడూ దిద్దకూడదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకో కాలమ్ పెట్టి అందులో కలపాలి. ఓపెన్‌రిఫైన్ మనం చేసిన ప్రతి మార్పునూ వరుసగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ వరుసను ఫైలుగా దించుకుని దాచుకుంటే, రేపు ఎవరైనా "ఈ లెక్క ఎలా వచ్చింది?" అని అడిగితే చూపించవచ్చు.

మీ దగ్గర ఎక్కువగా వచ్చే ఇంకో ఇబ్బంది ఫోటోలది. ఆర్కైవ్‌లో వందల పేజీలు ఫోన్‌తో తీసుకుంటాం, ఏడాది తర్వాత చూస్తే ఏ ఫోటో ఏ ఫైలుదో తెలియదు. ట్రోపీలో వాటిని పత్రాల వారీగా గుంపు కట్టి, ఫైలు నంబరు, తేదీ, నోట్సు రాసుకోవచ్చు. అసలు ఫోటోను అది మార్చదు. కానీ దానికంటే ముందు నేర్పాల్సిన అలవాటు ఒకటుంది: కొత్త కట్ట విప్పగానే మొదటి ఫోటో దాని అట్టది, నంబరు కనబడేలా తియ్యాలి. ఇలాంటి అలవాట్లు ఏ పుస్తకంలోనూ వెతుక్కుని చదవం, పక్కన కూర్చున్న మనిషి దగ్గరే నేర్చుకుంటాం. సమావేశానికి అంత విలువ అందుకే.

చేతిరాతను యంత్రంతో చదివించడం గురించి తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు, ఆశలు కూడా ఎక్కువగా ఉంటాయి. అచ్చు పేజీలకు టెస్సెరాక్ట్ లాంటి ఉచిత సాధనాలు సరిపోతాయి, పేజీ శుభ్రంగా ఉంటే. చేతిరాతకు ట్రాన్‌స్క్రిబస్ ఉంది. అందులో ఒక రాతకు సొంత మోడల్ తయారుచేయాలంటే 5,000 నుంచి 15,000 పదాల దాకా మనం ముందు చేత్తో ఎక్కించి ఇవ్వాలి. నాలుగు వందల పేజీలు ఒకే చేతిరాతలో ఉంటే ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. పది పేజీలకైతే కూర్చుని ఎక్కించుకోవడమే మేలు. ఈ లెక్క ముందే చెప్పేస్తే రెండు గంటలు మిగులుతాయి. ఒకే గుమాస్తా రాసిన కాగితాలతో పనిచేసేవాళ్లు ముగ్గురు మీలో ఉంటే మాత్రం వాళ్లను ఒక చోట కూర్చోబెట్టండి, ఆ పదాల పనిని పంచుకోగలరు.

మ్యాపులు, పాడ్‌కాస్ట్‌లు, ఆన్‌లైన్ ప్రదర్శనల గురించి ఎక్కువ చెప్పను. అవి చూపించడానికి అందంగా ఉంటాయి కానీ ఒక్క రోజులో తేలవు. ఎవరైనా పట్టుబడితే ఒక ప్రదర్శనలో ఏ పది వస్తువులు పెట్టాలి, ఒక్కోదాని కింద ఏం రాయాలి అన్నది కాగితం మీద తేల్చుకోమనండి. ఒమేకాలో ఎక్కించడం ఆ తర్వాతి పని, అది తేలికే.

ఇక అనుమతుల సంగతి. దీన్ని రోజు మొదట్లోనే చెప్పాలి. సొంత సామగ్రి తెమ్మన్నాం కదా, అందులో ఇతరుల జీవితాలు ఉంటాయి. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి పరిశోధన కోసం మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఆ రికార్డింగ్‌ను ఏదో వెబ్‌సైట్‌కు ఎక్కించి టెక్స్ట్‌గా మార్చడానికి ఒప్పుకోలేదు. ఆర్కైవ్ ఫోటోలకు కూడా షరతులు ఉంటాయి, సొంత వాడకానికి తీసుకున్నది అందరికీ పంచడం వేరు. నేను పెట్టే నియమం ఒకటే: ఎవరి సామగ్రి వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి, పక్కవాళ్లు చూడొచ్చు, కాపీ చేసుకోకూడదు. సొంత కంప్యూటర్‌లో నడిచే సాధనాలకే మొదటి ప్రాధాన్యం. ఉదాహరణకు, పాఠాల్లోని మాటల్ని లెక్కగట్టి చూపించే వాయంట్‌ను వెబ్‌సైట్‌లోనే కాదు, మన కంప్యూటర్‌లో కూడా నడుపుకోవచ్చు. మాటను టెక్స్ట్‌గా మార్చే విస్పర్ కూడా అంతే. అనుమానం ఉంటే ఆ రికార్డింగ్ పక్కనపెట్టి, తన సొంత గొంతు రెండు నిమిషాలు రికార్డు చేసి దానితో ప్రయత్నించమనండి.

పెద్దల విషయం కూడా ఆలోచించుకోండి. ఇలాంటి సమావేశాల్లో "రెండు కాళ్ల నియమం" అని ఒకటుంది: నువ్వున్న చోట నేర్చుకోవడానికీ ఇవ్వడానికీ ఏమీ లేకపోతే లేచి ఇంకో గదికి వెళ్లు, ఎవరూ తప్పు పట్టరు. రాసుకోవడానికి బాగుంటుంది కానీ తన గైడ్ మాట్లాడుతుండగా లేచి వెళ్లే విద్యార్థి ఎక్కడా ఉండడు. అందుకని సెషన్ మధ్యలో గంట కొట్టి అందర్నీ ఒకసారి లేచి నిలబడమనండి. మారాలనుకున్నవాళ్లు మారతారు, ఉండాలనుకున్నవాళ్లు కూర్చుంటారు, ఎవరికీ మొహమాటం ఉండదు. చీటీలు చదివేటప్పుడు కూడా విద్యార్థులతో మొదలుపెట్టండి. ప్రొఫెసర్ గారు ముందు చదివితే తర్వాత వచ్చే చీటీలన్నీ ఆయన దారినే పోతాయి. ఆయన కూడా "నేను ఇక్కడ ఆగిపోయాను" అని చీటీ రాసి చదివితే మాత్రం గది వాతావరణమే మారిపోతుంది. వీలైతే ఆయన్ని ముందుగా కలిసి ఈ మాట అడగండి.

నిపుణుణ్ని పిలవాలా అన్నారు. పిలవచ్చు, కానీ మాట్లాడటానికి కాదు. ఇన్‌స్టాల్ కాని ల్యాప్‌టాప్‌లు, తెరుచుకోని ఫైళ్లు, తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపించడం లాంటి చిక్కులు విప్పడానికి ఒక మనిషి ఒక మూల బల్ల దగ్గర రోజంతా ఉంటే ఎంతో మేలు. ఆ చివరిదానికి చాలాసార్లు మందు ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచగల పద్ధతిలో) సేవ్ చెయ్యడమే, కానీ అది తెలియనివాళ్లకు సగం పూట పోతుంది. ఇన్‌స్టాల్ చేసుకోవాల్సినవి వారం ముందే చెప్పండి. అయినా సగం మంది చేసుకుని రారు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఉంచండి. వైఫై మీద ఆధారపడకండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు మీరనుకున్నదానికి రెట్టింపు తెప్పించండి.

ప్రతి సెషన్‌లోనూ ఒకరు అందరూ చూడగలిగే ఒకే డాక్యుమెంట్‌లో నోట్సు రాయాలి. ఎవరేమన్నారు అన్నది అక్కర్లేదు. ఏం ప్రయత్నించాం, ఏది పనిచేసింది, ఎక్కడ ఆగింది, ఇవి చాలు. ఆ పని విద్యార్థినులకే అంటగట్టడం చాలాచోట్ల చూస్తుంటాను. వంతులు ముందే వేసి సీనియర్ల పేర్లు కూడా అందులో చేర్చండి.

ఇక మీ విభాగాధిపతి అడిగిన ఫలితం గురించి. వెబ్‌సైట్ అనో, డేటాబేస్ అనో, పుస్తకం అనో దయచేసి మాట ఇవ్వకండి. ఇస్తే ఆ రోజంతా దాని తయారీకే పోతుంది. అర్జీలో ఇలా రాయండి: పాల్గొన్న ప్రతి ఒక్కరూ తమ ఇబ్బంది ఏమిటి, ఆ రోజు ఎంతవరకు తేలింది, తర్వాత చేయబోయేది ఏమిటి అని ఒక పేరా రాసి ఇస్తారు. సెషన్ల నోట్సుతో కలిపి అది వారంలోపు విభాగానికి అందుతుంది. నెల తర్వాత అదే మనుషులు రెండు గంటలు మళ్లీ కలిసి, చేస్తామన్నది ఎంత చేశారో చెప్పుకుంటారు. ఆ రెండో సమావేశం తేదీని మొదటిదానికి అనుమతి అడిగే కాగితంలోనే వేసి, రెండింటికీ కలిపి సంతకం తీసుకోండి. తర్వాత విడిగా అడిగితే పరీక్షలనీ, సెలవులనీ ఏదో ఒకటి అడ్డొస్తుంది.